కాగితం మీది అడవి, కొండ మీది అడవి



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. నేను 1973లో ఒక అటవీ డివిజన్ కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. అడవిలో నడిచింది తక్కువ, అడవి ఫైళ్లలో తిరిగింది ఎక్కువ. కనుక ఆ ఫైళ్ల చరిత్రే మనవి చేస్తాను.

మా బీరువాలో వర్కింగ్ ప్లాను అనే లావుపాటి పుస్తకం ఉండేది. అడవిని కూపులుగా విభజించి, ఏ ఏడు ఏ కూపు కొట్టాలో, మళ్లీ పెరగడానికి ఎన్నేళ్లు వదలాలో అందులో రాసి ఉండేది. దాని సారం పెన్షనర్లకు ఇట్టే అర్థమవుతుంది. పోస్టాఫీసు డిపాజిట్టులో అసలు ముట్టకుండా వడ్డీతో సరిపెట్టుకోవడమే అది.

ఈ ఆలోచన పాతదే. 1864లో అటవీ శాఖ ఏర్పడి, జర్మనీ దేశస్థుడు డీట్రిష్ బ్రాండిస్ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన నాటి నుంచీ ఉన్నది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. చెట్ల లెక్క కుదిరింది గాని, చెట్ల నడుమ బతికే మనుషుల లెక్క కుదరలేదు. రిజర్వు హద్దులు గీసేటప్పుడు గడువులోగా చెప్పుకోని హక్కులు పోయేవి. చదువురాని కొండవాడు అర్జీ ఎలా పెట్టుకోగలడు? 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం తిరగబడటానికి గల కారణాలలో పోడు మీద ఆంక్షలు ఒకటి.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ లోటు చాలాకాలం తీరలేదు. పశ్చిమ బెంగాల్ మిద్నపూర్ జిల్లా అరబారిలో 1972 ప్రాంతంలో ఒక ప్రయోగం జరిగింది. అడవిని కాపాడిన గ్రామస్థులకు రాబడిలో 25 శాతం వాటా అన్నారు. మోడువారిన సాల వనం మళ్లీ లేచింది. 1988 జాతీయ అటవీ విధానం స్థానికుల అవసరాలకు పెద్దపీట వేసింది. 1992లో మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులకు ఉత్తర్వులు వచ్చాయి. ప్రపంచ బ్యాంకు సొమ్ము తోడైంది. సమితులు వేల సంఖ్యలో వెలిశాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ప్రతి సమితికి ఊరివారితో కూర్చుని మైక్రోప్లాను రాయాలి. మార్చి నెలాఖరు ముంచుకొస్తున్నది. ఒక ఊరి ప్లాను ముందు పెట్టుకుని, పేరు, హెక్టార్లు మార్చి మరికొన్ని ఊళ్లకు టైపు చేయించాను. తరువాత ఒక సమితి పెద్దాయన ఆఫీసుకు వచ్చి, "మా ప్లాను ఒకసారి చదివి వినిపించండి బాబూ" అన్నాడు. చదివాను. అంతా విని, "మాకు కావలసింది చింత, ఉసిరి, అడ్డాకు. ఇందులో వెదురు రాశారు. ఎవరినడిగి రాశారు బాబూ?" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

ఆచరణలో కష్టమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. టేకు అక్కరకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. మన బడ్జెట్టు మార్చి 31తో ముగుస్తుంది. నాటిన మొక్కల లెక్క వెంటనే అడిగేవారు, బతికిన మొక్కల లెక్క అంత పట్టుగా అడిగేవారు కారు. సమితి ఖాతాలో సొమ్ము తీయాలంటే ఫారెస్టరు సంతకం కావలసి వచ్చేది. పోడు భూములు సమితి హద్దుల్లో కలిసిన చోట గిరిజనులు దానిని తమదనుకోలేదు. నిధులు ఆగగానే చాలా సమితులు బోర్డులకే మిగిలాయి. అలాగని సిబ్బందిని తప్పుపట్టలేను. పెద్ద బీటులో ఒక్క గార్డు కలప దొంగలకు ఎదురు నిలవాలి. వారి కష్టం నాకు తెలుసు.

2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే సాముదాయక హక్కును గ్రామసభకు ఇచ్చింది. అయితే సాగు పట్టాల మీద ఉన్న శ్రద్ధ ఈ హక్కు మీద కనపడలేదు. తనదని నమ్మకం ఉన్నవాడే అసలు ముట్టకుండా వడ్డీతో సరిపెట్టుకుంటాడు. రేపు ఎవరిదో తెలియని డిపాజిట్టును ఎవరు కాపాడతారు?

మన పిల్లలలో ఆ శాఖలో ఉన్నవారికి ఒక్క మాట. ఊరి ప్లాను మీద సంతకం చేసే ముందు ఊరివారికి చదివి వినిపించండి. నేను సంతకాలన్నీ అయ్యాక వినిపించాను.