ఏడు రాత్రుల కూడు

పల్నాటి కూడు గురించి తెలుగు సాహిత్యం ఎప్పుడో మాట్లాడింది. శ్రీనాథుడి పేరు మీద చలామణిలో ఉన్న చాటువుల్లో మా జొన్నకూడు మీద, సజ్జకూడు మీద ఎక్కిరింత ఉంది. సన్నన్నానికి అలవాటుపడ్డ నాలుకకి అవి దిగలేదు. ఆ పద్యాల్ని ఇప్పటికీ మన పండితులు నవ్వుతూ చదువుతారు. ఆ జొన్నలు ఎవరు కోశారు, ఎవరు దంచారు, ఆ సంకటి ఎవరు కెలికారు అని అడిగిన పండితుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

పల్నాడుకే ఇంకో కూటి కథ ఉంది. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడనీ, మాల కన్నమదాసుని సేనాపతిని చేశాడనీ వీరగాథ చెబుతుంది. కారెంపూడిలో కార్తీకమాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. మంచిదే. కానీ చాపకూడు ఏడాదికి ఒక్క రోజు. మిగిలిన మూడువందల అరవై నాలుగు రాత్రులూ మా పల్లెలో ఏం ఉడికిందో ఆ కథలో లేదు. అది రాద్దామనే కూర్చున్నాను.

మాది మాచర్ల వైపు ఒక మాదిగ పల్లె. అప్పుడది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా అయింది. నాయన పాలేరు, అమ్మ కూలి. ఇంట్లో ఎనిమిది మందిమి. పొద్దున చద్ది, మధ్యాహ్నం అంబలి. పొయ్యి వెలిగేది రాత్రికే. కాబట్టి మా ఇంటి చరిత్ర అంటే రాత్రికూటి చరిత్రే. నా చిన్నప్పటి నుంచీ నా పెళ్ళిదాకా, అంటే 1970లూ 80లూ, అమ్మ తిప్పి తిప్పి వొండిన ఏడు కూళ్ళు ఇక్కడ చెబుతున్నాను. ఆదివారం కూర తప్ప మిగతా వాటికి ఫలానా రోజని లేదు. ఏది దొరికితే అదే వంట. ఈ వరస నేను కట్టింది.

సోమవారం జొన్నసంకటి, గోంగూర పచ్చడి. జొన్నల మీద నీళ్ళు చిలకరించి రోట్లో దంచితే పొట్టు ఊడుతుంది. చెరిగి, మళ్ళీ దంచి, జల్లిస్తే నూకలూ పిండీ వేరవుతాయి. ఎసరు మరిగాక ఉప్పేసి నూకలు పొయ్యాలి. నూక మెత్తబడ్డాక పైన పిండి పోసి మూతపెట్టి, ఆవిరి పట్టాక తెడ్డుతో గట్టిగా కెలకాలి. తడిచేత్తో తాకితే అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా ఉడకాలి. గోంగూరని చుక్క నూనె లేకుండా మగ్గబెట్టి, నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి వేసి నూరటమే. ఆ జొన్నలు అమ్మ కూలి. ఆసామి ఇంట్లో రెండు మానికలుండేవి. కూలి కొలిచేది ఒకటి, అప్పిచ్చిన గింజలు తిరిగి కొలుచుకునేది ఇంకోటి. అమ్మకి లెక్కలు రావు గానీ ఏ మానిక ఎన్ని గుప్పిళ్ళు తక్కువో చెప్పేది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. జొన్నలూ కొర్రలూ ఆరోగ్యమని రంగురంగుల ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఆ ప్యాకెట్ మీద రోటి పాట లేదు, రెండు మానికల సంగతి లేదు.

మంగళవారం ఉలవచారు. ఉలవలు ఆసామి ఎద్దులకి ఉడికేవి. ఉడికించేది నాయన. గింజలు ఎద్దులకి, వార్చిన కట్టు మాకు. అమ్మ ముంత పట్టుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడితే, ఆసామి భార్య ఎత్తు నుంచి పోసేది. గిన్నె ముంతకి తగలకూడదు.

"ఏమే, కట్టు పలచగా ఉందన్నావంట?"

"ఎంతమాట అమ్మగోరూ, మా పిల్లోళ్ళకి అదే పాయసం."

ఇంటికొచ్చాక ఆ మాట తల్చుకుని తనే పగలబడి నవ్వేది. ఆ కట్టులో చింతపండు పులుసు, ఉప్పు, కారం, నిలువునా చీరిన ఉల్లిపాయలు వేసి సన్నసెగ మీద సగానికి మరిగించాలి. గరిటె వెనకాల చారు పట్టి నిలవాలి. దించబోయే ముందు జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి తిరగమోత. ఇవాళ పెద్ద హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ దొరుకుతుంది. తినేవాళ్ళని తిననీండి. ఆ రుచి ఏ గుమ్మం అవతల పుట్టిందో మాత్రం తెలియాలి.

బుధవారం చేపల పులుసు. ఇది సాగర్ నీళ్ళతో వచ్చిన కూర. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో కాలవలకి నీళ్ళొదిలారు. ఆ ఆనకట్టకి రాళ్ళు మోసిన కూలీల్లో మా పల్లె ఆడోళ్ళూ మగోళ్ళూ ఉన్నారు. నీళ్ళు భూమి ఉన్నవాడి పొలానికి పారాయి. భూమి లేని మాకు కాలవలో పరిగెలు దక్కాయి. కాలవ కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన ఆ చిన్నచేపల్ని చీరకొంగుతో పట్టేవాళ్ళం. బూడిద పెట్టి రాయి మీద తోమి, ఉప్పుతో కడగాలి. చింతపండు పులుసులో కారం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, బాగా మరిగాకనే చేపలు వెయ్యాలి. దించేముందు చిటికెడు మెంతిపొడి. గరిటె పెడితే చేప చితికిపోద్ది. కుండనే రెండు చేతులా పట్టి తిప్పాలి. రాత్రికంటే తెల్లారి చద్దిలోకి రుచి.

గురువారం ఎండు తునకలు. పల్లెలో గొడ్డుని కోసిన రోజు పోగులు వేసుకునేవాళ్ళు. ఆ పూటకి వొండగా మిగిలిన మాంసాన్ని పొడుగ్గా, సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేవాళ్ళు. మంచి ఎండైతే నాలుగు రోజుల్లో కట్టెలా ఎండిపోతాయి. కుండలో దాచి, ముసురు పట్టి పని దొరకని రోజుల్లో తీసేవాళ్ళు. నిప్పుల మీద కాల్చి, రోకలితో చితక్కొట్టి, వేడినీళ్ళలో నానేసి, దోసకాయతోనో చింతచిగురుతోనో వొండాలి. కూలి లేని నెలకి అదే మా దాపుడు. మామిడికాయకి ఉప్పేసి ఏడాది నిలవుంచితే ఊరగాయ, అది సంప్రదాయం. మాంసానికి ఉప్పేసి ఏడాది నిలవుంచితే కంపు! మా దండెం పక్కనుంచి పోయేటప్పుడు ఊళ్ళోవాళ్ళు ముక్కులు మూసుకునేవాళ్ళు. ఉప్పు ఒకటే, ఎండ ఒకటే. ముక్కులే వేరు.

శుక్రవారం కలగూర. చేలో కలుపు తీస్తూ అమ్మ ఒడినిండా ఆకు తెచ్చేది. గంగపాయిల, పొన్నగంటి, చెంచలి, గురుగు, అడివి తోటకూర. ఆసామికి అది కలుపు, అమ్మకి కూర. అన్నీ కలిపి తరిగి, ఉంటే గుప్పెడు కందిపప్పు, పచ్చిమిర్చి, రెండు చింతకాయలు వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనపాలి. అంతే. 1980లలో పల్నాడంతా పత్తి కమ్ముకుంది. మందు కొట్టిన చేలో ఆకు కొయ్యాలంటే అమ్మకి భయం. 1987-88లో తెల్లదోమ దెబ్బకి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ చావులు చరిత్రకెక్కాయి, ఎక్కాల్సిందే. కూలాడోళ్ళ ఒడిలోంచి జారిపోయిన కూర కూడా ఆ పక్కనే ఒక వాక్యంగా ఉండాలి. ఇప్పుడు కలుపుమందు వచ్చాక కలుపు తీసే కూలీ పోయింది, కూరా పోయింది.

శనివారం వరన్నం, గుడ్డు పులుసు. మాకు వరన్నం అంటే పండగే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పెట్టాక అది వారానికి నాలుగు రోజులకొచ్చింది. గంజి వార్చి, ఉప్పేసుకుని ముందు అది తాగేవాళ్ళం. గుడ్లు ఉడికించి, పొట్టు తీసి, దారంతో రెండు చెక్కలు చెయ్యాలి. కత్తి పెడితే పచ్చసొన రాలిపోద్ది. ఉల్లిపాయలు వేయించి, చింతపండు పులుసు పోసి, దగ్గరపడ్డాక చెక్కలు బోర్లించి వెయ్యాలి. ఎనిమిది మందికి నాలుగు గుడ్లు, ఎనిమిది చెక్కలు. లెక్క సరిపోవాలి. కానీ అమ్మ చెక్క ఎప్పుడూ నాయన కంచంలోనో తమ్ముడి కంచంలోనో తేలేది. అమ్మ పులుసుతో తినేది. "నాకు గుడ్డు పడదు" అనేది. మా అక్క కాన్పుకి పుట్టింటికొచ్చినప్పుడు, అక్కతోపాటు కూర్చుని ఒక గుడ్డు శుభ్రంగా తింది. అప్పుడేమీ పడకపోలేదు. ఊరు మాకు గీసిన గీత ఒకటుంటే, మా ఇంట్లో పొయ్యి దగ్గర మగోళ్ళు గీసిన గీత ఇంకోటుంది. మన చరిత్ర మనం రాసేటప్పుడు రెండో గీతని చెరిపేసి రాస్తే అది సగం చరిత్రే.

ఆదివారం పెద్దకూర. దీనికి నూనె అక్కర్లేదు. కొవ్వు ముక్కలు ముందు కుండలో వేసి కరగనివ్వాలి. అందులో ఉల్లిపాయలు వేగాక మాంసం, పసుపు, ఉప్పు, కారం. మాంసంలో ఊరిన నీళ్ళు ఇగిరాకనే వేడినీళ్ళు పొయ్యాలి. కందికట్టె మంట మీద రెండు గంటలు పడుతుంది. ధనియాలు, అల్లం, వెల్లుల్లి, లవంగం నూరి వేసి, విడిగా ఉడికించిన గోంగూరని చివర్లో కలపాలి. ముందే వేస్తే పులుపుకి ముక్క ఉడకదు.

ఈ కూర చుట్టూ ఉన్నంత చరిత్ర ఏ కూర చుట్టూ లేదు. 1927లో మహద్ పోరాటం నాడు అంబేద్కర్ చచ్చిన గొడ్డుని తినటం మానమన్నాడు. 1948లో అంటరానివాళ్ళ మీద రాసిన పుస్తకంలో, గోమాంసం తిన్న బ్రాహ్మణులు ఎందుకు మానారో, మానలేని వాళ్ళు ఎట్లా అంటరానివాళ్ళయ్యారో వాదించాడు. మా పల్లె పెద్దలు చచ్చిన గొడ్డుని ఈడవటం మానేశారు, తినటం మానేశారు. కోసిన దాన్ని తినటం మానలేదు. మొదటిది వెట్టి. రెండోది తిండి. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1977లో రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం వచ్చింది. ఆవునీ దూడనీ కోయకూడదు, మిగతా పశువుకి అధికారి సర్టిఫికెట్ కావాలి.

ఉద్యోగమొచ్చి పట్నంలో అద్దె ఇల్లు వెతికేటప్పుడు కులం ఎవరూ సూటిగా అడగలేదు. "నీసు తింటారా?" అన్నారు. తింటామంటే, "ఏ నీసు?" అన్నారు. ఆ రెండో ప్రశ్నకి భయపడి ఎందరు తల్లులు ఆదివారం కిటికీలు మూసి, కుక్కర్ కూత వినపడకుండా గుడ్డ కప్పి వొండారో నాకు తెలుసు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు అదే కూరని పండగ పేరుతో అందరి ముందూ వొండి తిన్నారు. గొడవలయ్యాయి, దెబ్బలు తగిలాయి. ఒక కూర వొండినందుకు! మూసిన కిటికీ ఎంత బరువైందో ఆ దెబ్బలే చెప్పాయి.

పొరుగునున్న మరాఠ్వాడాలో షాహూ పటోళే 2015లో తన వాళ్ళ వంటల్నీ, ఆ వంటల వెనకున్న కులాన్నీ కలిపి మరాఠీలో ఒక పుస్తకమే రాశాడు. మన దగ్గర ఆ పని చెయ్యాల్సిన వాళ్ళు చాలామంది కావాలి. ఎందుకంటే మా అమ్మ పోయి పదేళ్ళయింది. ఆమె కొలతలు గుప్పెడు, చిటికెడు, దోసెడు. ఆ చెయ్యి పోతే కొలత పోద్ది. మా అమ్మాయి ఫోన్ చేసి "గోంగూర ముందెయ్యాలా, వెనకెయ్యాలా?" అని అడిగినప్పుడు చెప్పటానికి ప్రస్తుతం నేనున్నాను. రేపు ఆ పిల్ల కూతురు ఎవర్ని అడగాలి?

ఆకలిని రుచి అని పాడొద్దు. రుచిని ఆకలి అని చిన్నబుచ్చొద్దు. విద్యార్థులు సెలవులకి ఇంటికి పోతారు గదా, ఒక నోట్‌బుక్ తీసుకుపోండి. మీ అమ్మనో అమ్మమ్మనో పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని ఏడు రాత్రుల కూడు రాసుకోండి. ఏం వొండింది, ఎట్లా వొండింది, ఆ గింజ ఎవరి పొలంలోది, ఎవరు కొలిచి ఇచ్చారు, ఏ మానికతో. ఆఖరి ప్రశ్న మర్చిపోవద్దు. అందరూ తిన్నాక కుండలో ఏం మిగిలింది, అది ఎవరు తిన్నారు?