ఒకే ఆట - ఎన్నో యంత్రాలు

పాటల క్యాసెట్‌ను ఏ కంపెనీ టేప్‌రికార్డరులో పెట్టినా మోగేది. మరి ఒక యంత్రం కోసం కొన్న వీడియో గేమ్ క్యాసెట్ మరో కంపెనీ యంత్రంలో ఎందుకు ఆడదో మీరెప్పుడైనా ఆలోచించారా? ఇందుకు కారణాలు రెండు. ఒకటి సాంకేతికం, రెండవది వ్యాపారం.

1977లో అమెరికాలో వచ్చిన అటారీ యంత్రానికి మొదట ఆటలనూ అటారీయే తయారుచేసేది. ఆటలు బాగా అమ్ముడవుతున్నా తమకు పేరూ, లాభంలో వాటా దక్కడం లేదని నలుగురు ప్రోగ్రామర్లు బయటికి వచ్చేశారు. 1979లో వారు మరొకరితో కలిసి యాక్టివిజన్ సంస్థను స్థాపించారు. యంత్రం జోలికి పోకుండా, ఇతరుల యంత్రాలకు ఆటలు మాత్రమే తయారుచేయడం దాని పని. అటారీ కోర్టుకెక్కింది, 1982లో రాజీ కుదిరింది.

ఆ ఏడాదే వచ్చిన తన 'పిట్‌ఫాల్' ఆటను యాక్టివిజన్ పోటీ యంత్రమైన ఇంటెలివిజన్‌కు కూడా అందించింది. ఇది నకలు తీసినంత సులువు కాదు. రెండింటి ప్రాసెసర్లు వేరు. ఒకదాని ఆదేశాలు రెండవదానికి అర్థం కావు. ప్రోగ్రామును దాదాపు మళ్ళీ రాయవలసిందే.

నాసిరకం ఆటలు వెల్లువెత్తడం వంటి కారణాలతో 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. 1985లో అక్కడ అడుగుపెట్టిన జపాన్ సంస్థ నింటెండో ముందే జాగ్రత్తపడింది. యంత్రంలో ఒక చిప్, క్యాసెట్‌లో దాని జత చిప్ అమర్చింది. అవి రెండూ ఒకదానినొకటి గుర్తిస్తేనే ఆట మొదలవుతుంది. ఆ చిప్ కావాలంటే షరతులున్నాయి: ఏడాదికి ఐదు ఆటలే విడుదల చేయాలి, రెండేళ్ళపాటు ఆ ఆటను మరో యంత్రానికి ఇవ్వకూడదు.

ఈ తాళాన్ని దాటడానికి ఒక్కొక్కరు ఒక్కో దారి వెతికారు. కొనామీ 'అల్ట్రా' అనే రెండో పేరుతో అదనంగా ఆటలు విడుదల చేసింది. టెంజెన్ ఆ చిప్ రహస్యాన్ని అనుకరించి, 1992లో కోర్టులో భంగపడింది.

ఇంతలో సెగా గట్టి పోటీదారుగా ఎదిగింది. 1990ల ఆరంభంలో రెండేళ్ళ నిషేధం తొలగింది. 1993 సెప్టెంబరు 13న అక్లెయిమ్ సంస్థ 'మోర్టల్ కాంబాట్'ను సెగా, నింటెండోలకు చెందిన నాలుగు యంత్రాలకు ఒకేరోజు విడుదల చేసింది. నింటెండో కోరినట్టు దాని ఆటలో రక్తం కనిపించదు. సెగా ఆటలో మాత్రం రహస్య సంకేతం నొక్కితే కనిపిస్తుంది!

ఇప్పుడు గేమ్ ఇంజన్ల పుణ్యమా అని ఆటను ప్రతి యంత్రానికీ మొదటినుంచి రాయనక్కరలేదు. అంటే సాంకేతికపు అడ్డుగోడ చాలావరకు తగ్గింది. కాని యంత్రం తయారుచేసినవారి అనుమతి మాత్రం నేటికీ కావాలి. రెండో గోడ ఇంకా నిలిచే ఉందన్నమాట.