క్రాస్ కంట్రీ స్కీయింగ్ 2023-24 సీజన్: మంచు కరిగింది.. రేసు ఆగలేదు! బరిలోకి దిగుతుందో లేదో అనుకున్న డిగిన్స్‌కే కిరీటం

నవంబర్‌లో మొదలై మార్చిలో ముగిసే సీజన్. దాదాపు 4 నెలలు, ఎముకలు కొరికే చలి, ప్రతి వారం ఓ కొత్త ఊరు. ఒక్క రోజు హీరో అయితే సరిపోదు.. చివరి దాకా నిలబడాలి. అదే క్రాస్ కంట్రీ స్కీయింగ్ వరల్డ్ కప్. 2023-24 సీజన్‌లో అమెరికా స్టార్ జెస్సీ డిగిన్స్ సరిగ్గా అదే చేసి చూపించింది. సీజన్‌కు రెండు నెలల ముందు "నేను ఈసారి రేసుల్లో ఉంటానో లేదో చెప్పలేను" అన్న తరహాలో ప్రకటన చేసిన అమ్మాయి.. చివరికి ఓవరాల్ విజేతగా క్రిస్టల్ గ్లోబ్‌ను ఎత్తుకుంది. ఈ మధ్యలో ఆమె సొంత రాష్ట్రంలో జరగాల్సిన రేసుకు మంచే లేకుండా పోయింది. అసలు ఆ సీజన్‌లో ఏం జరిగింది? పూర్తి వివరాలు ఇవీ..

అసలేంటీ ఆట?

స్కీయింగ్ అనగానే కొండ మీద నుంచి జర్రున కిందికి జారడమే గుర్తొస్తుంది. క్రాస్ కంట్రీ అలా కాదు. ఇందులో ఎత్తు ఎక్కాలి, దిగాలి, చదునైన చోట దూసుకుపోవాలి. కాళ్లకు సన్నటి స్కీలు, చేతుల్లో రెండు పొడవాటి కర్రలు. ఇంజిన్ మాత్రం మన ఊపిరితిత్తులే! అందుకే ఫినిష్ లైన్ దాటిన వెంటనే ఆటగాళ్లు మంచు మీద కుప్పకూలిపోయే దృశ్యాలు ఈ ఆటలో మామూలే.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి క్లాసిక్. మంచులో ముందే చెక్కిన రెండు గాడుల్లో, నడిచినట్టుగా స్కీలను ముందుకూ వెనక్కూ జరుపుతూ వెళ్లడం. రెండోది ఫ్రీస్టయిల్. స్కేటింగ్ చేసినట్టు పక్కలకు తోస్తూ వెళ్లడం. ఇది మరింత వేగంగా ఉంటుంది.

రేసుల్లోనూ రకాలున్నాయి. స్ప్రింట్‌లో ముందు క్వాలిఫయింగ్ ఉంటుంది. అందులో టాప్-30లో నిలిచినవాళ్లు ఆరుగురు చొప్పున హీట్స్‌లో తలపడతారు. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ అన్నీ ఒకే రోజు! ఇంటర్వెల్ స్టార్ట్‌లో ఒకరి తర్వాత ఒకరు 30 సెకన్ల తేడాతో బయల్దేరతారు. అంటే పక్కన ఎవరూ ఉండరు, పోటీ గడియారంతోనే. మాస్ స్టార్ట్‌లో అందరూ ఒకేసారి పరుగు అందుకుంటారు. స్కీయథ్లాన్‌లో సగం దూరం క్లాసిక్‌లో, మిగతా సగం ఫ్రీస్టయిల్‌లో సాగుతుంది. మధ్యలో స్కీలు మార్చుకోవాలి.

పాయింట్ల లెక్క ఇలా..

ఈ వరల్డ్ కప్‌ను అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య (ఎఫ్‌ఐఎస్) నిర్వహిస్తుంది. మామూలు రేసులో గెలిచినవాళ్లకు 100 పాయింట్లు, రెండో స్థానానికి 95, మూడో స్థానానికి 90. అలా తగ్గుతూ 50వ స్థానం దాకా పాయింట్లు దక్కుతాయి. సీజన్ మొత్తం మీద ఎక్కువ పాయింట్లు కూడబెట్టినవాళ్లదే ఓవరాల్ క్రిస్టల్ గ్లోబ్. పాయింట్లలో ముందున్నవాళ్లు పసుపు రంగు బిబ్ వేసుకుని రేసుకు దిగుతారు. ఒకటీ రెండూ స్థానాల మధ్య తేడా 5 పాయింట్లే కాబట్టి.. అప్పుడప్పుడూ గెలిచేవాళ్ల కంటే ప్రతిసారీ ముందు వరుసలో ఉండేవాళ్లకే ఈ లెక్క కలిసొస్తుంది. ఒక్క జ్వరం, ఒక్క గాయం చాలు.. ఏడాది కష్టం గల్లంతవుతుంది.

ఇక 2022-23 నుంచి మహిళలకు, పురుషులకు ఒకే దూరాలు పెట్టారు. అంతకుముందు మహిళల రేసులు తక్కువ దూరం ఉండేవి. ఇప్పుడు 10, 20, 50 కిలోమీటర్లు ఇద్దరికీ సమానమే. ఉక్రెయిన్‌పై యుద్ధం తర్వాత 2022 మార్చి నుంచి రష్యా, బెలారస్ ఆటగాళ్లపై నిషేధం అమల్లోకి వచ్చింది. దాంతో ఈ సీజన్‌లోనూ వాళ్లు కనిపించలేదు.

సీజన్‌కు ముందే ఓ బాంబు!

జెస్సీ డిగిన్స్‌ది మినియాపోలిస్‌కు దగ్గర్లోని ఆఫ్టన్ అనే చిన్న ఊరు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో కిక్కన్ రాండల్‌తో కలిసి టీమ్ స్ప్రింట్ గెలిచి, క్రాస్ కంట్రీలో అమెరికాకు తొలి ఒలింపిక్ స్వర్ణం అందించింది. 2021లో వరల్డ్ కప్ ఓవరాల్ టైటిల్ కొట్టిన తొలి అమెరికా మహిళ కూడా తనే. 2023 వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో 10 కిలోమీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణం కూడా ఆమెదే. బయటి నుంచి చూస్తే తిరుగులేని కెరీర్.

కానీ 2023 సెప్టెంబర్‌లో ఆమె ఓ నిజం బయటపెట్టింది. టీనేజ్ చివర్లో తనను వేధించిన ఈటింగ్ డిజార్డర్ మళ్లీ తిరగబెట్టిందని చెప్పింది. ఈటింగ్ డిజార్డర్ అంటే తిండి విషయంలో మనసును పట్టి పీడించే రుగ్మత. డైటింగ్ లాంటిది కాదు, చికిత్స అవసరమైన జబ్బు. చికిత్స తీసుకుంటున్నానని, ముందు ఆరోగ్యం, ఆ తర్వాతే రేసులని స్పష్టం చేసింది. బరువుకూ వేగానికీ ముడిపెట్టి చూసే ఆటలో ఓ వరల్డ్ చాంపియన్ ఈ మాట బహిరంగంగా చెప్పడం చిన్న విషయం కాదు. దాంతో ఆమె అసలు స్టార్ట్ లైన్ దగ్గర కనిపిస్తుందా అన్నదే పెద్ద ప్రశ్నయింది.

మైనంపైనా నిషేధం

ఈ సీజన్‌లో మరో పెద్ద మార్పు కంటికి కనిపించనిది. స్కీలు జారడానికి అడుగున ప్రత్యేకమైన మైనం (వ్యాక్స్) పూస్తారు. దశాబ్దాల పాటు ఇందులో ఫ్లోరిన్ రసాయనాలు కలిపేవారు. తడి మంచు మీద స్కీ రాకెట్‌లా దూసుకుపోయేది. అయితే ఈ రసాయనాలు ప్రకృతిలో కలిసిపోవు, నీళ్లలో, ఒంట్లో పేరుకుపోతాయి. వ్యాక్స్ గదుల్లో పనిచేసే టెక్నీషియన్లకూ ముప్పే. అందుకే 2023-24 నుంచి ఎఫ్‌ఐఎస్ పూర్తి నిషేధం పెట్టింది. స్కీలను మెషీన్‌తో పరీక్షించి, ఫ్లోరిన్ దొరికితే అనర్హత వేటే! దాంతో టీమ్‌ల వ్యాక్స్ టెక్నీషియన్లు పాత ఫార్ములాలు పక్కనపెట్టి మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టాల్సి వచ్చింది.

రుకా నుంచి ఆల్పె చెర్మిస్ దాకా..

నవంబర్ 24న ఫిన్లాండ్‌లోని రుకాలో సీజన్ మొదలైంది. డిగిన్స్ వచ్చింది! డిసెంబర్ మొదటి వారంలో ఆర్కిటిక్ వలయానికి పైనున్న స్వీడన్ పట్టణం యెల్లివారెలో, గడ్డకట్టే చలిలో జరిగిన 10 కిలోమీటర్ల ఫ్రీస్టయిల్‌లో ఏకంగా గెలిచేసింది. ఉంటుందా అన్న ప్రశ్నకు స్కీలతోనే జవాబు.

ఆ తర్వాత అసలు పరీక్ష.. టూర్ డి స్కీ. సైక్లింగ్‌లో టూర్ డి ఫ్రాన్స్ ఎలాగో ఇక్కడ ఇదలాగ. డిసెంబర్ 30 నుంచి జనవరి 7 వరకు ఇటలీలోని టోబ్లాక్, స్విట్జర్లాండ్‌లోని దావోస్, మళ్లీ ఇటలీలోని వాల్ డి ఫియెమ్మెల్లో 7 రేసులు. 9 రోజుల్లో అన్నీ ముగించాలి. చివరి రేసులో మరో నరకం ఉంటుంది. మామూలుగా కిందికి జారడానికి వాడే ఆల్పె చెర్మిస్ వాలును ఇక్కడ పైకి ఎక్కాలి! కొన్ని చోట్ల దాని వాలు 28 శాతం దాకా ఉంటుంది. అక్కడ స్కీలతో పరిగెత్తడం కాదు.. దాదాపు పాకడమే.

మహిళల్లో డిగిన్స్ ఈ టూర్‌ను రెండోసారి గెలిచింది. నార్వేకు చెందిన హైదీ వెంగ్ రెండు, ఫిన్లాండ్‌కు చెందిన కెర్టు నిస్కానెన్ మూడు స్థానాల్లో నిలిచారు. పురుషుల్లో 25 ఏళ్ల నార్వే కుర్రాడు హారాల్డ్ ఓస్ట్‌బర్గ్ ఆముండ్సెన్‌ది మొదటి స్థానం. జర్మనీ ఆటగాడు ఫ్రెడ్రిక్ మోక్, ఫ్రాన్స్ ఆటగాడు ఉగో లాపాలు తర్వాతి రెండు స్థానాలు దక్కించుకున్నారు. ముందటి సీజన్‌లో 20 విజయాలతో రికార్డు సృష్టించిన నార్వే సూపర్ స్టార్ యొహానెస్ క్లేబో అనారోగ్యంతో ఈ టూర్‌కు దూరమయ్యాడు. అక్కడే ఓవరాల్ లెక్క తారుమారైంది!

మినియాపోలిస్: మంచు లేని మంచు పండుగ

అమెరికాలో ఈ వరల్డ్ కప్ రేసు జరగక అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది. 2001లో సోల్జర్ హాలోలో జరిగిందే ఆఖరు. డిగిన్స్ వరల్డ్ కప్‌లో పదేళ్లకు పైగా ఆడుతున్నా సొంత గడ్డ మీద ఒక్కసారీ పోటీ పడలేదు. మినియాపోలిస్‌లో రేసు పెట్టాలని ఏళ్ల తరబడి గట్టిగా కోరినవాళ్లలో ఆమె ముందుంది. ఎట్టకేలకు 2020 మార్చి 17న ముహూర్తం కుదిరింది. సరిగ్గా కొన్ని రోజుల ముందు కరోనా వచ్చిపడింది. రేసు రద్దు!

మళ్లీ నాలుగేళ్లకు, 2024 ఫిబ్రవరి 17, 18 తేదీలు ఖరారయ్యాయి. వేదిక నగరం నడిబొడ్డుకు దగ్గర్లోని థియోడర్ విర్త్ పార్క్. ఈసారి మరో విలన్.. వాతావరణం. మిన్నెసోటా రికార్డుల్లోనే అత్యంత వెచ్చని శీతాకాలం అది. ఎక్కడ చూసినా గడ్డి, మట్టి. నిర్వాహకులు ముందే యంత్రాలతో తయారు చేసిన మంచునే ట్రాక్ మీద పరిచి, కరిగిపోకుండా కాపాడుకుంటూ వచ్చారు. పొరుగు రాష్ట్రం విస్కాన్సిన్‌లో అదే నెలలో జరిగే ప్రఖ్యాత బర్కెబైనర్ రేసుకూ ఇదే గతి పట్టింది. 50 కిలోమీటర్లు అడవుల్లో సాగాల్సిన రేసును, 10 కిలోమీటర్ల కృత్రిమ మంచు ట్రాక్ మీదే చుట్లు తిప్పుతూ ముగించాల్సి వచ్చింది.

మినియాపోలిస్‌కు మాత్రం అదృష్టం చివరి నిమిషంలో తలుపు తట్టింది. రేసుకు రెండు మూడు రోజుల ముందు నిజమైన మంచు కురిసింది. గోధుమ రంగులో ఉన్న పార్క్ రాత్రికి రాత్రే తెల్లబడింది. రోజుకు సుమారు 20 వేల మంది జనం పోటెత్తారు. ఒక్కో మలుపులో అరుపులతో దద్దరిల్లిపోయింది.

మరి డిగిన్స్? కథల్లో అయితే ఇక్కడ గెలవాలి. కానీ తొలి రోజు స్ప్రింట్‌లో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. మర్నాడు 10 కిలోమీటర్ల ఫ్రీస్టయిల్‌లో మూడో స్థానం. రెండు రేసులూ స్వీడన్ స్టార్ యొన్నా సుండ్లింగ్ ఎగరేసుకుపోయింది. అయినా సొంత జనం మధ్య పోడియం ఎక్కిన ఆ మూడో స్థానాన్ని చూసి మినియాపోలిస్ విజయంలాగే పండుగ చేసుకుంది.

అసలు షాక్ పురుషుల 10 కిలోమీటర్లలో తగిలింది. అలాస్కాకు చెందిన 23 ఏళ్ల గస్ షూమాకర్, నార్వే దిగ్గజాలను వెనక్కి నెట్టి తొలిసారి వరల్డ్ కప్ రేసు గెలిచాడు. ఇంత దూరం రేసులో ఓ అమెరికా పురుషుడు విజేతగా నిలవడం 1983లో బిల్ కోక్ తర్వాత ఇదే. అంటే 41 ఏళ్ల నిరీక్షణ. అదీ సొంతగడ్డపై!

ఓస్లోలో 50 కిలోమీటర్లు.. ఫాలున్‌లో ఫైనల్ పంచ్

మార్చిలో మళ్లీ యూరప్. నార్వే రాజధాని ఓస్లోలోని హోల్మెన్‌కోలెన్‌లో మహిళలు వరుసగా రెండో ఏడాది 50 కిలోమీటర్ల వరల్డ్ కప్ రేసు ఆడారు. స్వీడన్ అమ్మాయి ఫ్రిదా కార్ల్‌సన్ విజేత. ఆ తర్వాత డ్రామెన్ స్ప్రింట్, చివరగా స్వీడన్‌లోని ఫాలున్.

అప్పటికి ఓవరాల్ రేసులో డిగిన్స్‌కు పోటీగా మిగిలింది స్వీడన్ స్ప్రింట్ క్వీన్ లిన్ స్వాన్. ఆమెకు అది సొంతగడ్డ. అయితే మార్చి 17న జరిగిన సీజన్ ఆఖరి రేసు, 20 కిలోమీటర్ల ఫ్రీస్టయిల్ మాస్ స్టార్ట్‌లో డిగిన్స్ లెక్కలకు చోటివ్వలేదు. పసుపు బిబ్‌తో బరిలో దిగి ఆ రేసే గెలిచేసింది! దాంతో రెండో ఓవరాల్ గ్లోబ్ ఆమె చేతికి వచ్చింది. డిస్టెన్స్ విభాగం గ్లోబ్ కూడా ఆమెకే.

పురుషుల్లో ఆముండ్సెన్‌కు ఇదే తొలి ఓవరాల్ టైటిల్. క్లేబో ఆరోగ్యం కుదుటపడ్డాక వరుస విజయాలతో వెంటపడ్డాడు. అయినా టూర్ డి స్కీలో పోయిన పాయింట్లు తిరిగి రాలేదు. రెండో స్థానంతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

2023-24 సీజన్ ఒక్క చూపులో..

* ఆరంభం: 2023 నవంబర్ 24, రుకా (ఫిన్లాండ్)
* ముగింపు: 2024 మార్చి 17, ఫాలున్ (స్వీడన్)
* మహిళల ఓవరాల్ విజేత: జెస్సీ డిగిన్స్ (అమెరికా)
* పురుషుల ఓవరాల్ విజేత: హారాల్డ్ ఓస్ట్‌బర్గ్ ఆముండ్సెన్ (నార్వే)
* టూర్ డి స్కీ విజేతలు: ఈ ఇద్దరే
* కొత్త రూల్: ఫ్లోరిన్ కలిపిన వ్యాక్స్‌పై పూర్తి నిషేధం
* హైలైట్: 23 ఏళ్ల తర్వాత అమెరికా గడ్డపై వరల్డ్ కప్

ఈ సీజన్ ఎందుకు గుర్తుండిపోతుందంటే..

మంచే ఈ ఆటకు మైదానం. ఆ మైదానమే కరిగిపోతుంటే రేపు రేసులు ఎక్కడ పెట్టాలన్న భయం ఈ సీజన్ పొడవునా వెంటాడింది. కృత్రిమ మంచుకు నీళ్లు కావాలి, కరెంటు కావాలి, అన్నిటికీ మించి అది గడ్డకట్టేంత చలి కావాలి. మినియాపోలిస్‌ను గట్టెక్కించింది నెలల ముందుచూపు ఒకటైతే, ఆఖర్లో కురిసిన ఒక్కరోజు మంచు మరొకటి. ఆ అదృష్టం ప్రతి ఏడాదీ రాదు.

డిగిన్స్ విషయంలోనూ అంతే. ఆమె సీజన్ గెలిచింది ఫాలున్ రేసులో కాదు. జబ్బును దాచుకోకుండా సాయం అడిగిన సెప్టెంబర్‌లోనే ఆమె గెలుపు మొదలైంది. అందరూ ఎదురుచూసిన సొంత ఊరి రేసు ఆమెకు దక్కలేదు. కానీ నవంబర్‌లో వచ్చింది.. మార్చి దాకా నిలబడింది. గ్లోబ్ ఆమె చేతికే వచ్చింది.