ఉప్పు పట్టిచ్చిన లెక్క

మన పిల్లలు ఇంజనీరింగో, మెడిసినో, కంప్యూటర్లో చదువుతామంటే మనకు సంతోషం. సామాజిక శాస్త్రాలు చదువుతామంటే మాత్రం "వాటివల్ల ఎవరికేం లాభం?" అని అడుగుతాం. ఈ మాట నేను మన సమావేశాల్లో చాలాసార్లు విన్నాను. దీనికి చరిత్రలో మంచి సమాధానాలున్నాయి. రెండింటిని మాత్రం ఇక్కడ మనవి చేస్తాను.

మొదటిది నేను సి.ఆర్. రావు గారి 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో చదివాను. 1947లో దేశ విభజన అల్లర్లప్పుడు వేలాది కాందిశీకులు ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్నారు. వారికి భోజనాలు పెట్టే పని ప్రభుత్వం కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. కాంట్రాక్టర్లు ఎంత బిల్లు వేస్తే అంతా చెల్లించాల్సి వచ్చేది. ఆ ఉద్రిక్త పరిస్థితుల్లో లోపలికి వెళ్ళి తలలు లెక్కపెట్టడం క్షేమం కాదు. అప్పుడు గణాంక నిపుణులను పిలిచారు.

వారి చేతిలో ఉన్నవి బిల్లులు మాత్రమే. అయితే సగటున ఒక మనిషికి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావాలో కుటుంబాల వినియోగంపై జరిగిన సర్వేలవల్ల తెలుసు. బిల్లులో ఉన్న బియ్యాన్ని తలసరి బియ్యంతో భాగిస్తే జనం లెక్క ఒకటి వస్తుంది. పప్పుతో చేస్తే మరొకటి, ఉప్పుతో చేస్తే ఇంకొకటి. బిల్లులు నిజమైతే మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. కానీ బియ్యం లెక్క అన్నిటికంటే ఎక్కువగా, ఉప్పు లెక్క అన్నిటికంటే తక్కువగా వచ్చాయి. ఖరీదైన బియ్యంలో దొంగలెక్క రాస్తే లాభం. కారుచౌకైన ఉప్పులో రాస్తే ఏం మిగులుతుంది? కనుక ఉప్పు లెక్కే నమ్మదగినదన్నారు. జనసంఖ్య విడిగా తెలిసిన హుమాయూన్ సమాధి శిబిరంలో ఇదే పద్ధతిని పరీక్షిస్తే సరిపోయింది. ఈ ఉపాయం జె.ఎం. సేన్‌గుప్తా గారిది.

ఈ కథను లోకానికి చెప్పిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు మనవారే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తరువాత అమెరికా వచ్చి పిట్స్‌బర్గ్, పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో బోధించారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, ఆ ఏడాదే 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

రెండవ ఉదాహరణ మన గడ్డమీదిదే. ఉపాధి హామీ కూలి, పింఛను డబ్బు మధ్యలో కారిపోకుండా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చింది. అన్ని మండలాల్లో ఒకేసారి పెట్టకుండా, 2010లో 157 మండలాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నిట్లో ముందు, కొన్నిట్లో తరువాత ప్రవేశపెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తంకర్ గార్లు రెండు రకాల ఊళ్ళనూ పోల్చి చూశారు. కార్డులొచ్చిన చోట కూలి త్వరగా అందింది, మధ్యలో స్వాహా తగ్గింది. కూలీలకు కలిసొచ్చిన సమయం విలువే ఆ పథకం ఖర్చుకు సమానమని తేలింది. కార్డులే మేలని తొంభై శాతానికి పైగా లబ్ధిదారులు చెప్పారు.

అయితే యంత్రం పెడితే చాలునా? చాలదు. తరువాత జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్రల పద్ధతిని వారే పరిశీలిస్తే, దానంతటదిగా అవినీతి తగ్గలేదు. ఆధార్ జతపడని పేదలకు రేషన్ తగ్గింది. ఒకచోట మేలు చేసిన మందు మరోచోట వికటించవచ్చు. అడిగి, కొలిచి చూస్తేగానీ ఆ సంగతి తెలియదు. కొలవకపోతే ఖజానా సొమ్మూ పోతుంది, పేదవాడి ముద్దా పోతుంది.

ఇంజనీరు వంతెన కట్టగలడు, డాక్టరు జబ్బు నయం చేయగలడు. ప్రజల సొమ్ము ప్రజలకు చేరిందా లేదా అని చూసి చెప్పేవారు కూడా మనకు కావాలి. మన పిల్లల్లో ఎవరైనా ఆ దారి పడితే అడ్డుచెప్పకుండా ఆశీర్వదించి పంపుదాం.