పూర్వీకుల నేల, ప్రభుత్వ భూమి: మడగాస్కర్ ఒప్పందం (2008–09)

2008 నవంబరులో దక్షిణ కొరియా సంస్థ దేవూ లాజిస్టిక్స్ మడగాస్కర్‌లో 13 లక్షల హెక్టార్లను 99 ఏళ్లకు కౌలుకు తీసుకోనున్నదన్న వార్త వెలువడింది. ఆ విస్తీర్ణం దేశపు సాగుభూమిలో దాదాపు సగం. అంత నేల ఖాళీగా ఉన్నదని ఎలా భావించారు?

ఫ్రెంచి ఆధిపత్యంలో వచ్చిన 1896 చట్టం నేలంతా ప్రభుత్వానిదన్నది. సమాధులున్న ఆ నేలనే మలగాసీలు ‘తనిన్‌డ్రజన’, అనగా పూర్వీకుల భూమి అంటారు. పట్టా లేని అనుభవదారుల హక్కును గుర్తించినది 2005 నాటి సంస్కరణ మాత్రమే. ధ్రువపత్రాలు అత్యధికులకు అందకముందే బేరం మొదలైంది.

ఈ ఒప్పందమే అధ్యక్షుడు రవలోమననను కూల్చిందనడం అతిశయోక్తి. రజోలినాకు చెందిన టెలివిజన్ కేంద్రాన్ని 2008 డిసెంబరులో మూసివేయడం కూడా ఆందోళనకు ప్రధాన కారణమే. 2009 మార్చిలో అధికారం చేపట్టిన రజోలినా ఒప్పందం రద్దయిందని ప్రకటించాడు. పట్టా లేని రైతుకు ఆ ప్రకటనతో కొత్త పత్రమేదీ రాలేదు.