మఱచిన మహమ్మారి

శత్రువు కంటికి కానరానంతమాత్రమున నశించెనని తలంచుట ప్రమాదకరము. ప్లేగు చరిత్ర యిందులకు సాక్ష్యము.

1896వ సంవత్సరము సెప్టెంబరులో బొంబాయియందలి మాండ్వీ పేటలో డాక్టరు అకాసియో వీగాసు ఈ వ్యాధిని గుర్తించెను. తరువాతి దశాబ్దములలో మన దేశమున కోటిమందికి పైగా దీనివాత బడిరి. రోగక్రిమిని యెర్సిను 1894లోనే హాంగుకాంగున కనిపెట్టియుండెను. ఎలుకల రోమములలో వసించి నెత్తురు పీల్చు చిన్న పురుగే దానిని మనుష్యునకు తెచ్చునని సీమండు 1898లో కరాచీయందు కనుగొనెను.

అయినను గఢ్వాలు కొండపల్లెలవారు శాస్త్రజ్ఞులకు పూర్వమే యొక సంగతి నెఱిగియుండిరి: ఎలుకలు చచ్చిపడినచో ఊరు విడువవలెను. వారికి సూక్ష్మదర్శిని లేదు; చూచి గుర్తుంచుకొను అలవాటు కలదు.

దొరతనమువారి చూపు వేఱు. 1897లో పూనాయందు సిపాయిలు ఇండ్లలో జొరబడి రోగులను వెదకిరి. ప్రజలు భయపడి రోగులను దాచిరి. నమ్మకము చెడినచోట నిఘా గ్రుడ్డిదగునని అప్పుడే తేటపడినది.

1966 తరువాత పెక్కేండ్లు దేశమున ప్లేగు కానరాలేదు. ఎలుకలను పరీక్షించు పనియు క్రమముగా సడలెను. 1994 ఆగస్టులో మహారాష్ట్రమున బీడు జిల్లా మామ్లా గ్రామమున ఎలుకలు రాలెను. పిమ్మట మనుష్యులకు గడ్డలు లేచెను. సెప్టెంబరులో సూరతునందు ఊపిరితిత్తుల ప్లేగు పొడచూపినదన్న వార్త పొక్కగా లక్షలకొలది జనులు రైళ్లెక్కి పారిపోయిరి. దేశమంతట మరణించినవారు దాదాపు ఏబదిమందియే. భయము మాత్రము ఖండాంతరములకు ప్రాకి, విమానములు నిలిచిపోయెను. సకాలమున నిచ్చినచో టెట్రాసైక్లిను వంటి చౌకమందే యీ రోగమును కుదుర్చును. కావున చంపునది క్రిమి యొక్కటియే కాదు, ఆలస్యము గూడ.

ఆ పాఠము వ్యర్థము కాలేదు. సూరతు తన వీథులను శుభ్రపఱచుకొనెను. 2004లో గఢ్వాలుసీమయందలి ఉత్తరకాశి జిల్లాలో ప్లేగు మరల తలయెత్తగా, అది యొక పల్లెను దాటకుండ నిలిపివేయబడినది. దేశవ్యాప్తమైన రోగనిఘా పథకమును ఆ యేటనే ఆరంభమయ్యెను. అయినను 2017లో మడగాస్కరు ద్వీపమున రెండువేలమందికి పైగా ఈ రోగము సోకెననిన, మహమ్మారి చచ్చినదని యెవరనగలరు?

నిఘా యనగా ఉద్యోగుల చిట్టాలు మాత్రమే కాదని మేము విన్నవించుచున్నాము. పెరటిలో ఎలుకలు గుంపుగా చచ్చినప్పుడు ఊడ్చివేసి మిన్నకుండక వైద్యశాలకు కబురంపు ఇల్లాలే దేశమునకు తొలి కావలి. ఆ కబురును విసుగుకొనక, బెదరింపక వినువాడే నిజమైన ఆరోగ్యాధికారి. ఈ యిరువురి నడుమ నమ్మకము నిలిచినంతకాలము మహమ్మారి మనలను నిద్రలో పట్టుకొనజాలదు.