చోకు: ఒక పేరు, మూడు యంత్రాలు



జీవితమంతా సంధులు, సమాసాలు చెప్పుకొని బ్రతికినవాడు మోటారు కార్ల చరిత్ర వ్రాయబూనడం చూసి మీకు నవ్వు రావచ్చు. అయితే ఇది ఒక మాట చరిత్ర కూడా. ఆ మాట అర్థం తెలియక ఒక తెల్లవారుజామున మా నాయనను దాదాపు పోగొట్టుకున్నాను. కనుక వ్రాసే అధికారం నాకు కొంత ఉన్నదనుకుంటాను.

1984 జనవరి, సంక్రాంతి వెళ్లిన నాలుగవ రోజు. పుంగనూరులో మా నాయనకు మబ్బున, అంటే ఇంకా చీకటి ఉండగానే, ఆయాసం ఎక్కువైంది. మదనపల్లెకు తీసుకొని పోవాలి. వీధి చివర ఒకరికి ఫియట్ కారు ఉండేది. దానిని నడపడానికి వచ్చిన డ్రైవరు అంతకుముందంతా ఆంబాసిడర్ నడిపినవాడు. అతడు చోకు లాగి, యాక్సిలరేటరును పదేపదే తొక్కుతూ స్టార్టరు తిప్పాడు. ఇంజను మూలిగిందే కాని అందుకోలేదు. కాసేపటికి వీధంతా పెట్రోలు వాసన, బ్యాటరీ నీరసం. వెనుక సీటులో అమ్మ ఒడిలో తల పెట్టుకొని నాయన. అరగంట గడిచింది. ఆ చప్పుడుకు లేచి వచ్చిన ఒక ముసలి మెకానిక్కు కిటికీ దగ్గర నిలబడి, "కాలు తీయమనండి అయ్యోరా. ఇది ఆంబాసిడర్ కాదు" అన్నాడు. ప్లగ్గులు విప్పించి, తుడిపించి, మళ్లీ బిగించాడు. ఈసారి పెడలు మీద కాలు పెట్టనివ్వలేదు. మేము నలుగురం తోశాము. బండి కదిలింది. నాయన ఆ తరువాత పదకొండేళ్లు బ్రతికారు.

"ఇది ఆంబాసిడర్ కాదు" అన్న ఆ మాట నన్ను వదలలేదు. రెండింటికీ చోకు ఉన్నది కదా! ఒకే పేరున్న పరికరానికి రెండు రకాల మర్యాద ఎందుకు? దీనికి సమాధానం నాకు మూడు ఊళ్లలో, మూడు కార్ల వద్ద, పదమూడేళ్ల వ్యవధిలో దొరికింది.

ముందుగా చలి సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైనున్న మెరక సీమ. మొగిలి ఘాటు ఎక్కి వచ్చినవారికి ఆ తేడా చెవులకే తెలుస్తుంది. మదనపల్లె పక్కనే ఉన్న హార్స్‌లీ కొండ 4,000 అడుగులు దాటుతుంది. ధనుర్మాసపు వేకువలో మనిషికే వణుకు పుట్టే చోట ఇంజను సంగతి చెప్పనక్కరలేదు. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరిగా మారి గాలిలో కలిసినప్పుడే మండుతుంది. తూకం ప్రకారం ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ల గాలి ఉండడం సామాన్య ధర్మం. చల్లబడిన ఇంజనులో పెట్రోలు చాలావరకు గోడలకు చెమ్మగా అంటుకుపోతుంది, ఆవిరయ్యేది కొంచెమే. అందువల్ల ఆ కొంచెమే సరిపోయేటట్లు ముందు ఎక్కువ పెట్రోలు పోయాలి. పది మంది విస్తళ్లలో కూర్చొని ఇద్దరే తినే చోట కూడా పది మందికి వండినట్లు. ఆ అదనపు వడ్డనకు ఏర్పాటే చోకు.

పెట్రోలును సన్నని జల్లుగా గాలిలోకి చిమ్మే కార్బురేటరును జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ 1893లో రూపొందించాడు. అదే ఏడు హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు తమ కార్బురేటరుకు పేటెంటు పొందారు. గాలి దారికి అడ్డంగా ఒక రేకు తలుపు పెట్టి, దానిని మూస్తే లోపలి పీల్పు పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఇంగ్లీషులో దీనికి గొంతు నొక్కడమనే అర్థంతో పేరు పెట్టారు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్-టి కారుకు ముందు భాగాన, రేడియేటరు పక్కన, ఒక తీగ ఉంగరం ఉండేది. హ్యాండిలు తిప్పేవాడు రెండవ చేత్తో ఆ తీగ లాగి గొంతు నొక్కేవాడు. ఇది మాటకు పుట్టినిల్లు.

అలంకార శాస్త్రం చదివినవారికి యౌగికం, రూఢి అనే భేదం తెలుసు. అవయవార్థం నిలిచి ఉంటే యౌగికం. "కుశలుడు" అంటే మొదట దర్భలు కోసేవాడు. ఇప్పుడు ఆ శబ్దంలో దర్భా లేదు, కోతా లేదు, నేర్పరి అన్న అర్థమే మిగిలింది. అది రూఢి. మన రోడ్ల మీద తిరిగిన కార్లలో చోకు అనే మాటకు ఇదే గతి పట్టింది.

ఫియట్ సంగతి చూద్దాం. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసిన ఈ కారుకు 1970ల నడుమ పద్మిని అని పేరు వచ్చింది. పద్మం సూర్యోదయానికి గాని వికసించదు కనుక పేరు పెట్టినవారిని తప్పుపట్టలేము! దానిలోని సోలెక్స్ కార్బురేటరులో గొంతు నొక్కే తలుపు లేదు. చోకు లాగితే ఒక చిల్లుల బిళ్ల తిరిగి, చలివేళకే ప్రత్యేకించిన ఒక చిన్న దారి తెరుచుకుంటుంది. ఆ దారి త్రాటిల్ తలుపుకు దిగువన కలుస్తుంది. త్రాటిల్ మూసి ఉన్నప్పుడే అక్కడ పీల్పు బలంగా ఉంటుంది. పెడలు తొక్కితే త్రాటిల్ తెరుచుకొని ఆ పీల్పు పోతుంది. పైగా ప్రతి తొక్కుకూ పెడలు పంపు పచ్చి పెట్రోలును చిమ్ముతుంది. పుంగనూరులో ఆనాడు జరిగింది ఇదే. ప్లగ్గులు తడిసి, నిప్పురవ్వ పుట్టక, ఇంజను మునిగిపోయింది.

ఆంబాసిడర్ రహస్యం 1989లో నేను కుప్పం బడికి బదిలీ అయిన తరువాత తెలిసింది. కోలారులో పెళ్లికి పోయి తిరిగి వస్తుండగా అద్దెబండి నల్లని పొగ వదులుతూ, తాగవలసిన దానికి రెట్టింపు పెట్రోలు తాగింది. డ్రైవరు చోకు ఎప్పుడో లోపలికి నెట్టాడు. కుప్పంలో ఒక మెకానిక్కు బానెట్ ఎత్తి, కార్బురేటరు అడుగున వేలు పెట్టి ఏదో పైకి నెట్టాడు. పొగ ఆగింది. సగం తమిళం, సగం తెలుగులో అతడు చెప్పినదాని సారం ఇది. ఆంబాసిడర్‌లో వచ్చేది ఇంగ్లండు వారి ఎస్.యు. కార్బురేటరు. చెప్పుల వ్యాపారపు ఇంట పుట్టిన స్కిన్నర్ సోదరుల సృష్టి అది, తొలినాళ్లలో దానిలో తోలు తిత్తి కూడా ఉండేదట. దీనిలోనూ గాలిని మూసే తలుపు లేదు. పెట్రోలు వచ్చే జెట్టులో ఒక కోసుగా చెక్కిన సూది దిగి ఉంటుంది. చోకు లాగితే ఆ జెట్టే కిందికి జారుతుంది. సూది చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. మట్టి పట్టి జెట్టు పైకి తిరిగి రాకపోతే, డ్యాష్‌బోర్డు మీద చోకు మూసినట్లు కనబడినా కింద తెరిచే ఉంటుంది. ఇక దీనికి పెడలు పంపు లేనందున, నిలిచి ఉన్న బండిలో ఎంత తొక్కినా అదనంగా చుక్క రాదు. మన డ్రైవరుకు ఆ తొక్కుడు ఆంబాసిడర్‌లో హాని చేయని అలవాటు. ఫియట్‌లో అదే ప్రాణాంతకం కాబోయింది.

నిజంగా గొంతు నొక్కే చోకును నేను చూసింది మదనపల్లెలో, 1997లో, పాత మారుతి 800 కొనుక్కున్నాక. 1983 డిసెంబరులో మొదలైన ఆ కారులో కార్బురేటరు నోటికి ఇత్తడి రంగు రేకు తలుపు ఉండేది. శీతకాలం రాగానే బండి మొరాయించింది. ఎయిర్ ఫిల్టరు తీసి, మా అబ్బాయిని చోకు లాగమని, నేను తలుపు చూశాను. సగమే మూసుకుంటోంది. కేబులు పట్టు సడలింది. తలుపు పూర్తిగా మూసుకునేటట్లు కేబులును సర్ది మర బిగించాను. చోకు నెట్టినప్పుడు తలుపు నిటారుగా పూర్తిగా తెరుచుకుంటున్నదో లేదో కూడా సరిచూశాను. ఇది మరచిపోరాదు. చోకు తెరవకుండా బండి నడిపితే అదనపు పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగివేస్తుంది, ఇంజనాయిలును పలచన చేస్తుంది, ప్లగ్గులకు మసి పట్టిస్తుంది.

ఈ ముగ్గురు గురువుల వద్ద నేర్చినది మరొకటి ఉన్నది. చలికి బండి కదలకపోతే నింద ముందు చోకు మీదికి పోతుంది. మంచి మెకానిక్కు మాత్రం చోకు దగ్గరికి చివర వచ్చేవాడు. మొదట బ్యాటరీ, ఎందుకంటే చలికి దాని బలం తగ్గుతుంది, చిక్కబడిన ఇంజనాయిలు స్టార్టరుకు బరువవుతుంది. తరువాత డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు, ఆపైన ప్లగ్గులు. రోజుల తరబడి నిలిచిన బండి అయితే కార్బురేటరు గిన్నెలో పెట్రోలు ఆవిరై ఉంటుంది, పంపు పక్కనున్న చిన్న మీటను చేత్తో ఆడించి నింపాలి. ఇవన్నీ సరిగా ఉంటేనే చోకు. ప్లగ్గు కొస చూసి రోగం చెప్పేవాడు. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువ, పొడిగా ఉంటే రావడమే లేదు. నాడి చూచిన వైద్యుడికీ అతనికీ భేదం లేదు.

2000 ఏప్రిల్‌లో పొగ నిబంధనలు దేశమంతటా బిగుసుకున్నాయి. ఆ తరువాత కొద్ది ఏళ్లలో కొత్త కార్లనుండి కార్బురేటరు తొలగిపోయింది. ఇంజను ఎంత చల్లగా ఉన్నదో ఒక సెన్సరు చెబితే, ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. మారుతి 800, ఆంబాసిడర్ రెండూ 2014లోనే ఆగిపోయాయి. ముంబయి వీధుల్లో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. ఇది మంచి మార్పే. ఈనాడు ఆయాసపడే తండ్రిని తీసుకొని పోయే కొడుకు తాళం తిప్పితే చాలు. పాతరోజులే మేలని నేననను.

నా బాధ వేరు. మా పుంగనూరు ముసలాయన విద్య ఏ తెలుగు పుస్తకంలోనూ నాకు కనబడలేదు. రైతు పనిముట్ల పేర్లు, నేతగాని మగ్గం మాటలు సేకరించిన పండితులు మనకు ఉన్నారు. షెడ్డుల్లో నల్లచేతులవారు మూడు భాషల సరిహద్దున ఒక యంత్రశాస్త్రాన్ని నోటిమాటగా నడిపితే, దానిని వ్రాసిపెట్టాలని మాబోటివారికి తోచలేదు. పండితులం గనుక మాట మీదే నిలిచిపోయాము. ఆయన మాట దాటి యంత్రాన్ని చూశాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు. ఇన్నేళ్ల తరువాత సిగ్గుగా ఉన్నది.

మీ ఊళ్లో అటువంటి వృద్ధ మెకానిక్కు ఎవరైనా మిగిలి ఉంటే, ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చోండి. ఏ భాగాన్ని ఏమని పిలిచేవారో, ఏ రోగానికి ఏ క్రమంలో వెదికేవారో అడిగి వ్రాసిపెట్టండి. ముందుగా ఆయన పేరు అడగండి.